అవ్వ వేలిముద్ర వేయని కారణం

జోర్హాట్, అస్సాం
6 నవంబరు 1983

అవ్వకు మహిపాల్ దండాలు.

చాందీ, ఈ ఉత్తరాన్ని అవ్వకు నిదానంగా చదివి వినిపించు. మధ్యలో ఆమె చెయ్యెత్తితే ఆగు. కోపం తగ్గినాక మళ్లీ మొదలుపెట్టు.

అవ్వా, ఇక్కడ వానలు వెనకపట్టినాయి, చలి మొదలైంది. నువ్వు పంపిన కారంపొడి డబ్బా మూడు రోజుల్లో అయిపోయింది. అందులో నేను తిన్నది నాలుగు ముద్దలకు సరిపడేంత. మిగతాదంతా పంజాబువాళ్లూ కేరళవాళ్లూ కన్నీళ్లు తుడుచుకుంటూ తిన్నారు. మళ్లీ ఎప్పుడు పంపిస్తుందని అడుగుతున్నారు.

ఇక అసలు సంగతి. నేను ఏర్‌ఫోర్సులో చేరి ఐదేళ్లయింది. ఇన్నాళ్లూ నా పని దవాఖానలోనే. జ్వరం చూడటం, సూది వేయడం, కట్టు కట్టడం. మా స్థావరంలో హెలికాప్టర్లు ఉన్నాయి. వరదలో చిక్కుకున్నవాళ్లను, కొండల్లో దారి తప్పిన సిపాయిలను అవి వెతికి తెస్తాయి. నేల మీద వాలడానికి చోటు లేకపోతే హెలికాప్టరు గాలిలోనే నిలబడుతుంది. ఒక మనిషి ఇనుప తీగతాడుకు వేలాడుతూ కిందికి దిగుతాడు. కింద ఉన్నవాళ్ల నడుముకు పట్టీ తగిలించి ఒక్కొక్కరినే పైకి పంపుతాడు. అందరూ పోయినాకనే అతను పోవాలి. ఆ పనికి వైద్యం తెలిసినవాళ్లు కావాలని అడిగితే నేను పేరిచ్చినాను.

మొదటి శిక్షణ ఇక్కడే మొదలైంది. ఏప్రిల్‌లో పారాచూట్ నేర్పడానికి ఆగ్రా పంపిస్తారు. దానికి ముందు ఇంటి పెద్ద సమ్మతి కాగితం కావాలట. అమ్మా బాపూ లేరు కనుక నీ వేలిముద్ర. కాగితం ఇందులోనే పెట్టినాను. మార్చి ఆఖరుకల్లా ఇక్కడికి చేరాలి. చేరకపోతే నా పేరు కొట్టేస్తారు, మళ్లీ అడగడానికి ఉండదు.

ఇంకొక ఫారంలో, ఇంతకుముందు ఎవరినైనా ప్రాణాపాయం నుంచి తప్పించినారా అని ఒక గడి ఉంది. మన తండా చాందీని చిన్నప్పుడు బావిలోనుంచి తీసిన సంగతి రాసినాను. అప్పుడు పంచాయతీ సమితి ప్రెసిడెంటు ఇచ్చిన ప్రశంసాపత్రం నకలు కూడ జతచేసినాను. మా ఆఫీసరు చూసి మెచ్చుకున్నాడు.

బొటనవేలికి సిరా బాగా పట్టించి గట్టిగా ఒత్తు. పోయినసారి పింఛను కాగితం మీద నీ ముద్ర పిల్లి అడుగులాగా పడిందని చాందీ రాసింది.

నీ మనవడు
మహిపాల్

•

దంతాలపల్లి మీదుగా, మన ఊరు
27 నవంబరు 1983

మహిపాల్‌కు,

సత్తెమ్మ చెప్తున్నది, చాందీ రాస్తున్నది. నేను బాగున్నాను. బర్రె ఈనింది, దున్నపోతు పుట్టింది. మోట తీసేసి మన బావికి కరెంటు మోటరు పెట్టించినప్పటినుంచి పది ఇండ్ల ఆడవాళ్లు బిందెలు తెచ్చుకొని పైపు దగ్గరే కూర్చుంటున్నారు. నీళ్లకన్నా మాటలు ఎక్కువ పారుతున్నాయి.

నీ కాగితం చేరింది. చాందీ రెండుసార్లు చదివింది. నేను చెయ్యెత్తలేదు, అంత కోపం రాలేదు. కాగితాన్ని సందుగలో పెట్టి తాళం వేసినాను. వేలు మాత్రం పెట్టను.

ఎందుకని అడుగుతావు. నువ్వు ఆ పనికి పనికిరావు, అందుకు. ఈ మాట రాయమంటే చాందీ కలం ఆపి నా మొహం చూసింది. రాయవే అన్నాను. దవాఖాన పని మంచిదే. సూది వేయించుకునేవాడు మంచం మీద ఉంటాడు. నీ చెయ్యి వణికితే నాలుగు తిట్లు తిడతాడు, అంతటితో పోతుంది. తాడు కింద ఉన్నవాడి సంగతి వేరు. వాడికి నువ్వు తప్ప ఇంకొకరు లేరు.

ఆ ఫారంలో బావి సంగతి ఎందుకు రాసినావు? ఎవరు రాయమన్నారు? ఆ గడి ఖాళీగా వదిలేస్తే ఏమయ్యేది? మెచ్చుకున్న ఆఫీసరుకు చెప్పు, మా అవ్వకు ఇష్టం లేదట అని.

ఇదే నా మాట. ఇంకొక కాగితం పంపినా సందుగలో చోటు ఉంది.

వేలు పెట్టని
సత్తెమ్మ

అన్నా, ఇది నా మాట, అవ్వకు చదివి వినిపించలేదు. నీ మీద ప్రేమ ఎక్కువై ఆమె ఇట్లా మాట్లాడుతున్నది. నన్ను బావిలోనుంచి తీసిన నువ్వే పనికిరాకపోతే ఇంకెవరు పనికివస్తారు? నేను అప్పుడు ఏడేళ్ల పిల్లను. నీళ్లు నోట్లోకి పోయినంతవరకే యాది ఉన్నది. మళ్లీ కండ్లు తెరిచేసరికి తడిసిన తలతో నువ్వు కనబడ్డావు. మా బాపు సక్రు, తండాకు కొత్తవాళ్లు ఎవరు వచ్చినా నీ ఫొటో చూపిస్తాడు. మార్చి దాటినాక నాకు భూపాలపల్లి దగ్గర బాలవాడిలో పని దొరికేటట్టు ఉంది. పోయేలోపల అవ్వతో వేలు పెట్టిస్తాను. చాందీ.

•

జోర్హాట్
18 డిసెంబరు 1983

అవ్వకు మహిపాల్ దండాలు.

నీ భయం నాకు అర్థమైంది. పనికిరావని తిట్టినావు కాని, అసలు మాట వేరని తెలుస్తూనే ఉంది. బాపు అరవై తొమ్మిదిలో నీకు చెప్పకుండా జనగామ పోయినాడు. తెలంగాణ ఉద్యమంలో రైళ్లు ఆపినాడు, జైలుకు పోయినాడు, తిరిగి వచ్చిన ఏడాదికి జ్వరంతో పోయినాడు. నేనొక్కణ్నే మిగిలినాను. నేను కూడ పోతే నీకెవరున్నారని నీ రంది.

అందుకే వివరంగా రాస్తున్నాను. ఆ తీగతాడు నాలాంటి మనుషులను నలుగురిని మోస్తుంది. నాకు రెండు పట్టీలు ఉంటాయి, ఒకటి తెగినా ఒకటి ఆపుతుంది. పైన తలుపు దగ్గర ఇంకొక మనిషి నన్నే చూస్తూ ఉంటాడు. మాకు నేర్పేవాడు సార్జెంట్ మాన్‌సింగ్. రాజస్థాన్ మనిషి, ఎక్కువ మాట్లాడడు. ఇసుక బస్తాను లాక్కుంటూ చెరువు ఈదిస్తాడు. కండ్లకు గుడ్డ కట్టి ముడులు వేయిస్తాడు. నలుగురు గాయపడి ఉంటే ముందు ఎవరిని పైకి పంపాలో ఒక్క చూపులో తేల్చమంటాడు. అరిచేవాణ్ని కాదు, అరవకుండా పడి ఉన్నవాణ్ని ముందు చూడాలట.

నా మాట నువ్వు వినవు కాబట్టి వెంకట్రాం తాతకు కూడ ఉత్తరం రాసినాను. నీ మరిదే కాక ఊరికి సర్పంచి కూడ. ఆయన చెప్తే వింటావని.

చాందీ, నువ్వు కింద రాసినది చదివినాను. దానికి నేనేమీ రాయలేను. బాలవాడి పని దొరికితే మంచిది.

మహిపాల్

•

మానుకోట తపాలా ఆఫీసు ముందర
23 జనవరి 1984

మహిపాల్‌కు,

ఇది చాందీ చేతిరాత కాదని చూడగానే తెలిసి ఉంటుంది. ఇక్కడ అర్జీలు రాసే లక్ష్మీకాంత్ అనే ఆయన రాస్తున్నాడు. ఏలూరు నుంచి వచ్చినవాడట. నా మాటను సరిచేసి రాస్తున్నాడు. చదివించుకుంటే ఎవరో పంతులమ్మ మాట్లాడినట్టు ఉంది. పోనీ, నన్నూ ఎరుగడు, నిన్నూ ఎరుగడు. అందుకే ఇక్కడికి వచ్చినాను. ఇది చాందీ చేత రాయించే మాట కాదు. ఇంట్లో రాసేదాన్ని పెట్టుకొని బస్సెక్కినందుకు ఆ పిల్ల మొహం మాడ్చుకున్నది. నీకేదో సంబంధం చూస్తున్నానని, తనకు తెలియకుండా దాస్తున్నానని అనుకుంటున్నది.

నువ్వు చస్తావని నేను వేలు పెట్టడం లేదనుకున్నావు. తప్పు. నువ్వు బతుకుతావు. కింద ఉన్నవాళ్లు చస్తారు. నా భయం అది.

డెబ్బై మూడు ఎండాకాలం. అంతకుముందు ఏడాది చుక్క వాన లేదు. ఊరికీ తండాకూ కలిపి మన బావి ఒక్కదానిలోనే మనిషి మునిగేంత నీళ్లు. ఆనాడు అందరూ దంతాలపల్లి అంగడికి పోయినారు. చాందీ చెంబు పట్టుకొని వచ్చి, ఒడ్డు రాయి మీద కాలు జారి పడింది. అక్కడ ఉన్నది నువ్వూ నేనూ. నీకు ఈత వచ్చు, నాకు రాదు. దిగురా అన్నాను. నువ్వు దిగలేదు. మోట మోకును దూలానికి కట్టి, నువ్వు పట్టుకో, సడలనీయకు అని కొస నీ చేతికిచ్చినాను. గోడ రాళ్ల మీద కాళ్లు పెట్టుకుంటూ నేను దిగినాను, యాభై ఏళ్ల దాన్ని. పిల్ల జుట్టు చేతికి దొరికింది. కొంగుతో వీపుకు కట్టుకొని పైకి వచ్చేసరికి మోకు కొస నేల మీద పడి ఉంది. నువ్వు పదడుగుల దూరంలో మోట ఎద్దు మెడను కౌగిలించుకొని, కండ్లు మూసుకొని నిలబడి ఉన్నావు.

దాని తరువాత చేసినదంతా నేనే. మొగడు పోయిన ఆడది బావిలో దిగితే నీళ్లన్నీ తోడి పారబోయాలని, గంగమ్మకు బోనం చేసేదాకా ఎవరూ ముట్టవద్దని మన ఊరి కట్టు. ఆ కరువులో ఉన్న ఒక్క బావిని ఎండబెడితే ఊరూ తండా ఏం తాగుతాయి? జనం అంగడినుంచి వచ్చేలోపల ఒక బిందె నీళ్లు నీ నెత్తిన గుమ్మరించి, పిల్లను తీసింది వీడే అని చెప్పినాను. నా చీర ఎట్లా తడిసిందంటే పైనుంచి అందుకున్నానన్నాను. అందరూ నమ్మినారు. నీళ్ల కోసం ఆడిన అబద్ధం అది, నీ కోసం కాదు.

పిల్లవాడు భయపడితే తప్పేమీ లేదు. నీకప్పుడు పదమూడేళ్లు. నేను ఒక్కనాడూ ఎత్తిపొడవలేదు. కాని పెద్దవాడివై, ఆ అబద్ధాన్ని సర్కారు ఫారంలో రాసి, దాని మీద నిలబడి మనుషుల ప్రాణాలు చేతిలోకి తీసుకుంటానంటే నేను వేలు ఎట్లా పెట్టేది? మీ బాపు జనగామలో నిజంగానే పట్టాల మీద పండుకున్నాడు. ఆయన పక్కన పండుకున్నవాళ్లు ఐదుగురు. మేము కూడ పండుకున్నామని ఇప్పుడు చెప్పుకునేవాళ్లు యాభైమంది. నువ్వు ఆ యాభైమందిలో చేరినావు.

పైగా వెంకట్రాంకు ఉత్తరం రాసినావు. ఆయన దాన్ని పంచాయతీలో చదివించినాడు. మోటరు గది గోడ మీద నీ పేరు, బావిలో దిగిన సంవత్సరం రాయిస్తానని రంగులవాణ్ని పిలిపించినాడు. నేను కట్టె పట్టుకొని గోడకు అడ్డం నిలబడితే వాడు డబ్బాలు సర్దుకొని పోయినాడు. ముసలిదానికి మతి పోయిందని ఊరంతా అనుకుంటున్నది. అనుకోనీ.

జవాబు ఇంటికి రాయకు, చాందీ చదువుతుంది. మానుకోటకు ఈ లక్ష్మీకాంత్ పేరు మీద రాయి. ఫిబ్రవరి పదమూడు సోమవారంనాడు వచ్చి చదివించుకుంటాను.

సత్తెమ్మ

•

జోర్హాట్
2 ఫిబ్రవరి 1984

లక్ష్మీకాంత్ గారికి నమస్కారం. దయచేసి దీన్ని మా అవ్వకు మాత్రమే వినిపించండి.

అవ్వా, నువ్వు చెప్పినదంతా నిజం. నేను మరిచిపోలేదు. పదకొండేళ్లలో నువ్వు ఒక్కసారి కూడ ఆ మాట ఎత్తలేదు కనుక నువ్వే మరిచిపోయినావనుకున్నాను. నన్ను నలుగురిలో నిలబెట్టడానికి అట్లా చెప్పినావనుకున్నాను. నీళ్ల కోసమని ఇప్పుడే తెలిసింది. ఇది తెలియడం కూడ మంచిదే.

ఈ పనే ఎందుకు అడిగినావని మాన్‌సింగ్ ఒకసారి అడిగినాడు. తెలియదని చెప్పినాను. నిజంగానే తెలియదు. జనవరి పదో తారీఖున మొదటిసారి నన్ను హెలికాప్టరు తలుపు దగ్గర కూర్చోబెట్టినారు. కింద ఎనభై అడుగుల లోతున కోసిన వరిమడి. కాలు కదలలేదు. పట్టుకోవడానికి అక్కడ ఎద్దు లేదు. తలుపు చట్రం పట్టుకున్నాను. మాన్‌సింగ్ నా వేళ్లను ఒక్కొక్కటే విడిపించి లోపలికి లాగినాడు. మూడు రోజుల తరువాత మళ్లీ కూర్చోబెడితే దిగినాను. ఇప్పటికి పంతొమ్మిదిసార్లు దిగినాను. పంతొమ్మిదిసార్లూ భయమే.

నీ ఉత్తరం వచ్చిన మరునాడు పోయి ఫారం సంగతి ఆఫీసరుకు చెప్పినాను. ఆయన ప్రశంసాపత్రం నకలును నా చేతికి తిరిగి ఇచ్చినాడు. ఆ గడిలో రాసినదాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి పక్కన నాతో సంతకం పెట్టించుకున్నాడు. పదిహేను రోజులు గేటు దాటవద్దని శిక్ష వేసినాడు. నా పేరు ఉంచాలా, తీసేయాలా అని మాన్‌సింగ్‌ను అడిగినాడు. మాన్‌సింగ్ చెప్పినదేమంటే, తలుపు దగ్గర ఇతను భయపడింది నేను చూసినాను, దాన్ని దిద్దవచ్చు. దాచినది మాత్రం నాకు కనబడలేదు, ఇంకా ఏమైనా ఉందేమో ఇంట్లో పెంచినవాళ్లను అడగండి అని.

అందుకే సమ్మతి కాగితం వెనక వైపున నీ వాంగ్మూలం కూడ రాయించి పంపాలట. చదువు వచ్చిన ఒక సాక్షి సంతకం పెట్టాలి. గడువు మారలేదు, మార్చి ఆఖరే. నువ్వు ఏం రాయించినా నాకు సమ్మతమే. రాయించకపోయినా నీ మీద కోపం పెట్టుకోను.

మహిపాల్

•

మానుకోట
13 ఫిబ్రవరి 1984

మహిపాల్‌కు,

నీ ఉత్తరం లక్ష్మీకాంత్ చదివినాడు. చదివి, ఇంతదాకా వచ్చింది కదమ్మా, వేలు పెట్టేయరాదా అని సలహా చెప్పినాడు. నీ పని రాయడం, అదే చేయమన్నాను.

ఆఫీసరుకు చెప్పినావు, శిక్ష పడింది. మంచిదే. కాని ఆఫీసరుకు చెప్పడం సులువు. నీళ్లలో పడ్డది ఆయన కాదు. చాందీ ఏటేటా రాఖీ కొని నీకు పోస్టులో వేస్తున్నది. నువ్వు అవి చేతికి కట్టుకొని ఫొటో దిగి పంపుతున్నావు. ఆ ఫొటోనే సక్రు గోడకు పెట్టుకున్నాడు.

చాందీకి చెప్పు. ఇంటికే రాయి. ఆ పిల్లే విప్పాలి, ఆ పిల్లే చదవాలి. నేను పక్కన కూర్చొని ఉంటాను. మార్చి పదిహేనున భూపాలపల్లి నుంచి పిలుపు వస్తుందట, ఆ నెల దాటితే ఆ పిల్ల ఇక్కడ ఉండదు. పోయినాక చెప్పడం చెప్పడం కాదు.

చెప్పి వేలు అడుగు. చెప్పలేకపోతే దవాఖానలోనే ఉండు. ఎక్కడున్నా నువ్వు నా మనవడివే, కారంపొడి పంపిస్తూనే ఉంటాను.

సత్తెమ్మ

•

జోర్హాట్
26 ఫిబ్రవరి 1984

చాందీకి,

దీన్ని అవ్వకు చదివి వినిపించు. కాని రాసింది నీకు.

డెబ్బై మూడులో నిన్ను బావిలోనుంచి తీసినది నేను కాదు. అవ్వ. ఆమెకు ఈత రాదు. నాకు వచ్చు. దిగమంటే దిగలేదు. మోకు పట్టుకోమంటే వదిలేసి దూరంగా పోయి నిలబడినాను. నువ్వు కండ్లు తెరిచినప్పుడు చూసిన తడి తల, అవ్వ బిందెతో పోసిన నీళ్లు. ఆమె ఎందుకు పోసిందో ఆమెనే అడుగు, నేను చెప్తే నన్ను నేను వెనకేసుకొచ్చినట్టు అవుతుంది.

ఆ అబద్ధం మీద నేను ప్రశంసాపత్రం తీసుకున్నాను. ఏర్‌ఫోర్సులో చేరేటప్పుడు చూపించినాను. ఈ పని అడిగేటప్పుడు కూడ చూపించినాను. ఆరు రాఖీలు కట్టుకున్నాను. నువ్వు పోయిన ఉత్తరంలో రాసిన మాటలు చదివినాక కూడ చెప్పలేదు. అవ్వ చెప్పమన్నదని ఇప్పుడు చెప్తున్నాను. నా అంతట నేను చెప్పి ఉండేవాణ్నా అంటే, ఏమో, చెప్పలేను.

సక్రు మామకు కూడ చదివి వినిపించు. ఆ ఫొటో తీసేయమను.

మహిపాల్

•

మన ఊరు
18 మార్చి 1984

మహిపాల్‌కు,

సత్తెమ్మ చెప్తున్నది. రాస్తున్నది చాందీయే.

నీ ఉత్తరం తొమ్మిదో తారీఖున వచ్చింది. నేను మంచం మీద, సక్రు గడప మీద. చాందీ నిలబడి చదివింది. రెండో మాట దగ్గర కాగితాన్ని వెలుతురుకు తిప్పింది. మళ్లీ చదివింది. ఆఖరుదాకా చదివి, మడిచి, నా ఒళ్లో పెట్టి పోయింది. సక్రు కూతురి వెనకాలే పోయినాడు. ఐదు రోజులు తండానుంచి ఎవరూ ఇటు రాలేదు. పాలు పోయించుకోవడానికి కూడ రాలేదు.

ఆరో రోజు పొద్దున వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. నేను నీ నెత్తిన బిందెతో నీళ్లు పోసిన కారణం చెప్పమన్నది. చెప్పినాను. ఫారంలో నీ మాట కొట్టేసిన సంగతి కూడ విన్నది.

“అన్న ఒక్కడే దాచిండా అవ్వా?” అన్నది. “నువ్వు దాచలేదా? నీ పక్కన కూసోని మూడేండ్లసంది ఉత్తరాలు రాస్తున్న. ఒక్కనాడన్న నోరు ఇప్పినవా?”

“నీళ్ల కోసం గదనే.”

“గా ఎండకాలం నీళ్ల కోసం. దాని ఎనుక పదకొండు వానకాలాలు పోయినయి గద.”

ఆ లక్ష్మీకాంత్ ఉంటే నా తరఫున ఏదైనా సరిచేసి రాసేవాడేమో. చాందీ అంతటితో ఊరుకోలేదు.

“అన్నది ఫారంల కొట్టేయించినవ్. నీది ఎవ్వలు కొట్టేయాలె?”

అరవై దాటినాక నన్ను అంత మాట అన్నవాళ్లు లేరు. అంతకుముందు కూడ లేరు. కాసేపు కోపం వచ్చింది. ఆ కోపంలోనే లేచి, చీర మార్చుకొని పంచాయతీకి పోయినాను. వెంకట్రాం, ఇంకో పదిమంది ఉన్నారు. నిలబడి చెప్పినాను. డెబ్బై మూడులో బావిలో దిగింది నేను, మీ అందరితో పదకొండేళ్లు ఆ నీళ్లు తాగించింది కూడ నేనే అని.

వెంకట్రాం తల పట్టుకొని, “వదినా, గిదంత ఇప్పుడెందుకు ఎత్తినవ్?” అన్నాడు. గోడ మీద పేరు రాయించలేదు కదా, ఆయన అదృష్టం. ఒకడు ఊరి కట్టు తప్పిందన్నాడు. ఒకడు బావి తోడాలన్నాడు. యాసంగి వరి పాలు పోసుకునే రోజులు. తోడితే మడులు ఎండిపోతాయని వాళ్లకూ తెలుసు.

“బాయి నీళ్లు తోడుతరు సరే, పదకొండేండ్లు మీరు తాగిన నీళ్లను ఏడ తోడుతరు?” అని అడిగినాను. పొద్దు నెత్తి మీదికి వచ్చేదాకా ఆలోచించినారు. చివరికి బోనం ఒక్కటి చేస్తే చాలన్నారు. బోనం చేయడానికి నాకేం అభ్యంతరం లేదు, గంగమ్మతో నాకు తగాదా లేదు. నిన్న కుండ నెత్తిన పెట్టుకొని పోయినాను. ఊరి ఆడవాళ్లు దూరంగా నడిచినారు. చాందీ, వాళ్లమ్మ లచ్చి నా పక్కన నడిచినారు. సాయంత్రానికి మళ్లీ అందరూ బిందెలు తెచ్చుకొని పైపు దగ్గర కూర్చున్నారు.

సక్రు నీ ఫొటో తీయలేదు. గోడకు మేకు కొట్టిన చోట సున్నం పెచ్చు ఊడుతుందని తీయలేదట. దాని పక్కన పెట్టుకోవడానికి నా ఫొటో అడుగుతున్నాడు. నాకు ఫొటో లేదన్నాను.

ఇప్పుడు సందుగలోనుంచి కాగితం తీసినాను. చాందీ చెప్పమన్న మాట ఒకటి చెప్తాను, ఆ పిల్ల అన్నది అన్నట్టే. “అన్నను మాఫ్ చేసిన్నని రాయియ్యకు. ఇంక చేయలే. గని కాగితం ఆపకు. ఏడనో నీళ్లల్ల ఉన్నోళ్లకు మన పంచాయితీతోని ఏం పని?”

అది విన్నాకనే వేలికి సిరా పట్టించినాను. నీ మాట మీద నమ్మకంతో కాదు. నువ్వు దాచడానికి ఇక ఏమీ మిగలలేదు, భయపడితే పైన తలుపు దగ్గర ఉన్నవాడికి నోరు తెరిచి చెప్పగలవు, అందుకు. చాందీ ఎల్లుండి భూపాలపల్లి పోతున్నది. ఇకనుంచి నా ఉత్తరాలు ఎవరు రాస్తారో తెలియదు. జవాబు ఆలస్యమైతే కంగారు పడకు.

వాంగ్మూలంలో ఏం రాయించినానో నీకు తెలియాలి కనుక దాని నకలు కింద రాయిస్తున్నాను.

సత్తెమ్మ

ఆఫీసరు గారికి,

నేను మహిపాల్ తండ్రికి తల్లిని. పేరు సత్తెమ్మ. చదువు రాదు. ఈ పిల్లవాణ్ని పదేళ్లప్పటినుంచి పెంచినది నేనే.

నా మనవడు పదమూడేళ్ల వయసులో ఒక పిల్ల బావిలో పడితే దిగలేదు. మోకు పట్టుకోమంటే వదిలిపెట్టినాడు. తీసింది తానేనని చెప్పుకున్నాడు. ఆ అబద్ధం మొదలుపెట్టింది నేను. మా ఇద్దరికీ అందులో సమాన భాగం ఉంది, శిక్ష వేస్తే నాకు కూడ వేయండి. ఇవి తప్ప అతని గురించి నాకు తెలిసి దాచినది ఏదీ లేదు. జ్వరం వస్తే మందు తాగడు, అది మీరే చూసుకోవాలి.

అతను భయపడతాడు. ఆ సంగతి మీకు చెప్పినాడు. నాకు చెప్పినాడు. బావిలో పడిన పిల్లకు కూడ చెప్పినాడు. ఇక దింపుకోండి.

సత్తెమ్మ, ఎడమచేతి బొటనవేలి ముద్ర

సాక్షి: బానోతు చాందీ, తండ్రి సక్రు, పదవ తరగతి పాస్.
బావిలో పడినది నేనే.